‘రా’ అనకు, ‘వే’ అనకు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మా నాన్నకు చీరల దుకాణం ఉండేది. పెద్దదేం కాదు. ముందు ఒక షట్టరు, లోపల తెల్లగుడ్డ పరిచిన పరుపు, మూడు గోడలకూ అరలు, మూలన ఒక నిలువుటద్దం. మా వాళ్లది పోచంపల్లి దగ్గరి నేత ఊరు. మగ్గం వదిలి పట్నం చేరిన కుటుంబాల్లో మాదీ ఒకటి. ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక గల్లీలో ఇల్లు కట్టుకుని, పై పోర్షన్ కిరాయికి ఇచ్చి, కింద మేముండేవాళ్లం. మేమంటే నాన్న, అమ్మ, నేను, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడైన మామ.

దుకాణంలో చీరలు చూపించే పని మామది. ఆ రోడ్డు మీద ఏ దుకాణంలోనైనా చీరలు చూపించేది మగవాళ్లే, కొంగు భుజాన వేసుకుని చూపించడమూ మామూలే. వాళ్లు వేసుకుంటే దండెం మీద ఆరేసినట్టు ఉండేది. మామ అలా కాదు. కూర్చున్నచోటి నుంచి లేచి, చీర అంచు నడుముకు చుట్టి, వేళ్లతో కుచ్చిళ్లు పెట్టి, కొంగు ఎడమ భుజం మీదికి ఒక్కసారి విసిరేవారు. అన్నీ ఒకే వెడల్పు కుచ్చిళ్లు. “అక్కా, ఈ అంచు మీ ఎత్తుకు పెద్దగైతది, ఇగో ఇది చూడున్రి” అని మళ్లీ ఇంకోటి కట్టేవారు. ఒకటే కొందామని వచ్చిన ఆడవాళ్లు మామ చుట్టూ గంటసేపు కూర్చునేవాళ్లు. చిన్నప్పుడు స్కూలు నుంచి నేరుగా దుకాణానికి వచ్చి, పరుపు మీద బోర్లా పడుకుని అదంతా చూస్తూ హోంవర్క్ రాసుకునేదాన్ని. కొత్త చీరల గంజి వాసన, బయట బస్సుల హారన్లు, కొత్తపేట పండ్ల మార్కెట్ వైపు నుంచి వేసవిలో వచ్చే మామిడిపండ్ల వాసన. నా బడి రోజులన్నీ ఆ మూడింటి మధ్యే గడిచాయి అనిపిస్తుంది.

నేను ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా తెలంగాణ ఉద్యమం మా రోడ్డు మీదికి వచ్చేసింది. ఏ రోజు బందో పొద్దున్నే టీవీ పెడితే గానీ తెలిసేది కాదు. కాలేజీ ఉండదు, బస్సులు తిరగవు. అయినా నాన్న దుకాణానికి పోయి షట్టరు సగం దించి కూర్చునేవారు. ఊరేగింపు వచ్చిందంటే పూర్తిగా దించి, పక్క దుకాణాల వాళ్లతో కలిసి బయట నిలబడి నినాదాలు ఇచ్చేవారు. అలాంటి ఒక బందు రోజు మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని నడిచి వెళ్లాను. నాన్న రోడ్డవతల జనంలో ఉన్నారు. నేను వంగి సగం దించిన షట్టరు కిందినుంచి లోపలికి దూరాను.

మామ అద్దం ముందు నిలబడి ఉన్నారు. ప్యాంటు షర్టు మీద నల్లంచు ఎర్ర చీర పూర్తిగా కట్టుకుని ఉన్నారు. గిరాకీ ఎవరూ లేరు. నాకు నవ్వొచ్చింది.

“ఎవరికి చూపిస్తున్నవ్ మామా?”

మామ ఉలిక్కిపడలేదు. అద్దంలోంచే నన్ను చూశారు.

“నాకే.”

ఆ ఒక్క మాటతో నా నవ్వు ఆగిపోయింది. క్యారియర్ కింద పెట్టి పరుపు అంచున కూర్చున్నాను. బయట డప్పుల చప్పుడు దగ్గరికి వచ్చి దూరమైపోయింది. మామ చీర విప్పలేదు. అలాగే వచ్చి నా పక్కన కూర్చున్నారు.

“మామా, నీకు ఆడామె అయితే బాగుండు అనిపిస్తదా?” అన్నాను. అలా అడగొచ్చో లేదో కూడా తెలియని వయసు.

“లేదు బిడ్డా. గట్ల అనిపిస్తె సులువైతుండె.” కొంగు అంచు వేళ్ల మధ్య తిప్పుతూ చెప్పారు. “ఊర్ల ఉన్నప్పుడు మా అమ్మ ఆసు పోస్తుంటె పక్కన కూసోని నేను గూడ పోస్తుంటి. గది ఆడోళ్ల పని, లెవ్వు అనేటోళ్లు. మగ్గం మీద కూసోమనేటోళ్లు. కూసుంటి. నేస్తుంటి కూడ. రెండు చేసినా. కానీ గీళ్లల్ల నువ్వు ఎవరు అంటె, నాకు జవాబు దొరకలె. ఇప్పటికీ దొరుకతలేదు.”

“మరి చీర కట్టుకుంటే?”

“అద్దంల నేనే కనిపిస్త. ఆడ కాదు, మగ కాదు. నేను.”

ఆసు అంటే చిటికి, అదే రంగు అంటకుండా దారానికి వేసే ముడులు, కట్టడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ వేలసార్లు తిప్పే పని. భుజం పడిపోయే పని. అది మా ఊళ్లో ఆడవాళ్లదే. మామ చెప్పిందంతా నాకు ఆ రోజు అర్థమైందని చెప్పను. వెళ్లేటప్పుడు మాత్రం ఒకటి అడిగాను. “నిన్ను మామ అనొద్దా మరి?”

“పాగల్ పిల్లవా? మామ అను. పుట్టినకాడికెల్లి నన్ను గట్లనే పిలిచినవ్. గా పిలుపు నాది.”

ఆ విషయం నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అయినా ఎంతోకాలం దాగలేదు. ఎండాకాలంలో ఊరి నుంచి ఒక సంబంధం వచ్చింది. నేతవాళ్లే, పిల్ల డిగ్రీ చదివింది. అమ్మ ఫొటో తెచ్చి మామ ముందు పెట్టింది. మామ ఫొటో చూడకుండానే వెనక్కి జరిపారు.

“అక్కా, నేను లగ్గం చేసుకోను. గా పిల్లకు అన్యాయం చెయ్యను.”

“అన్యాయం ఏందిరా? నీకేమైందిరా?”

మామ చెప్పారు. నాకు దుకాణంలో చెప్పినట్టే చెప్పారు, ఇంకొంచెం నెమ్మదిగా. అమ్మ మొదట నవ్వింది, తర్వాత కోప్పడింది, తర్వాత వంటింట్లోకి పోయి గిన్నెలు దబదబా తోమింది. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి ఒకటే మాట అన్నారు. “ఏందన్న ఉండని బామ్మర్దీ, దుకాణంల వద్దు. రేపటికెల్లి చీర మీద ఏసుకొని చూపియ్యొద్దు. చేతి మీద చూపియ్యి.”

మర్నాటి నుంచి మామ కూర్చున్నచోటే కూర్చుని, చీర మడత విప్పి, మోచేతి మీద పరిచి చూపించడం మొదలుపెట్టారు. పాత గిరాకీలు “ఏమైంది తమ్ముడూ, ఒంట్లో బాగలేదా?” అని అడిగేవాళ్లు. మామ నవ్వి ఇంకో మడత విప్పేవారు.

ఇంట్లో అమ్మ మామతో మాట్లాడటం తగ్గించింది. మాట్లాడితే ప్రతి మాట చివరా ‘రా’ తగిలించేది. “తిన్నవారా, ఒచ్చినవారా, పోతున్నవారా.” ముందు కూడా అలాగే అనేది. కానీ ఇప్పుడు ఆ ‘రా’ను గట్టిగా ఒత్తేది, మేకు కొట్టినట్టు. ఒకరోజు అన్నం దగ్గర మామ చెయ్యి కడుక్కుని వచ్చి అమ్మ ముందు కూర్చున్నారు.

“అక్కా, ఒక్కటి అడుగుత, చేస్తవా? నన్ను ‘రా’ అనకు. ‘వే’ అని గూడ అనకు. ఉత్తగ ‘తిన్నవా’ అని అడుగు. చాలు.”

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న పెరుగు కలుపుకుంటున్నారు.

ఆ రోజుల్లో మామతో అంతకుముందులాగే ఉన్నది నేను కాక మరొకరే. పై పోర్షన్‌లో కిరాయికి ఉండే ఆంటీ. వాళ్లది కృష్ణా జిల్లా. మా చౌరస్తా నుంచి ఆంధ్ర ఊళ్లకు బస్సులు పోతాయి కాబట్టి మా గల్లీలో అటువైపు వాళ్లు చాలామందే ఉండేవాళ్లు. గల్లీలో ఎవరైనా ఆమె మాటను వెక్కిరిస్తే తలుపు వేసుకునేది. మామను మాత్రం ఎప్పుడూ “ఏవండీ” అనే పిలిచేది. “ఏవండీ, మా అమ్మాయికి ఓణీ కావాలండీ, మీరే చూసి తీసుకురండి.” ఒకసారి మామ నాతో అన్నారు. “అందరు ఆంధ్రోళ్ల భాష అని నవ్వుతున్నరు గని బిడ్డా, గా ‘అండీ’ల మగ లేదు, ఆడ లేదు. గామె పిలిస్తె పానం సల్లగైతది.”

మా మాటలోనూ అలాంటి దారి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దవాళ్ల గురించి చెప్పేటప్పుడు ‘ఒచ్చిన్రు, పోయిన్రు’ అంటాం కదా. ఆయనైనా ఆమెయైనా అదే. ఆ రోజు నుంచి నేను మామ గురించి ఇంట్లో అలాగే అనడం మొదలుపెట్టాను. “మామ ఒచ్చిన్రు, తలుపు తియ్యాలె.” మొదటిసారి విని నాన్న అన్నారు, “ఒచ్చిన్రు ఏందే? వాడేమన్న కలెక్టరా?” అమ్మకు నవ్వాగలేదు. ఆ ఇంట్లో అమ్మ నవ్వి అప్పటికి చాలా రోజులైంది. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా నా చేతికి ఆ మాటలే వస్తున్నాయి.

దుకాణాల వెంట హిజ్రాలు వచ్చి దీవించి పోవడం మా రోడ్డులో మామూలే. వాళ్లలో నెరిసిన జుట్టుతో ఒక పెద్దామె ఉండేది. ఆమె వస్తే నాన్న కూడా లేచి నిలబడేవారు. మామ చేతి మీద చీరలు చూపిస్తున్న ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం ఆమె వచ్చింది. దీవించి బయటికి పోతుంటే మామ వెంట వెళ్లి పక్క సందులో ఆపారు. నాన్న నన్ను చాయ్ గ్లాసులు ఇచ్చి రమ్మని పంపితే అటు వెళ్లి, వాళ్ల మాటలు విని ఆగిపోయాను.

“అమ్మా, నేను మీతోని ఒస్త” అంటున్నారు మామ.

పెద్దామె మామను కింది నుంచి పై దాకా చూసింది. “ఇంట్ల అన్నం పెడుతున్నరా?”

“పెడుతున్నరు.”

“కొడుతున్నరా?”

“లేదు. సక్కగ మాట్లాడతలేరు.”

“మాట్లాడకపోతె ఏమైతది? ఇయ్యాల మాట్లాడరు, రేపు మాట్లాడతరు. నన్ను మా నాయిన కట్టెతోని కొట్టి ఎళ్లగొట్టిండు. గందుకు ఒచ్చినా. మా తాన ఉండాల్నంటె మా పద్ధతి ఉంటది, మా గురువు ఉంటది. నేను చిన్నగున్నప్పటికెల్లి ఆడపిల్లనే అనుకున్న. నువ్వు గట్ల అనుకుంటున్నవా?”

మామ తల అడ్డంగా ఊపారు. “లేదమ్మా. నాకు గట్ల అనిపియ్యది. అబద్ధం చెప్ప.”

ఆమె నవ్వి మామ తల మీద చెయ్యి పెట్టింది. “మరి నీ తొవ్వ నీది. పరేషాన్ గాకు. పో, దుకాణంల గిరాకీ ఒచ్చింది చూడు.”

అప్పటిదాకా నా లెక్కలో లోకంలో మగవాళ్లు, ఆడవాళ్లు, మూడోవాళ్లుగా హిజ్రాలు ఉన్నారు. అంతే. ఆ సందులో నిలబడితే తెలిసింది, ఆ మూడో మాటలో కూడా అందరూ ఒకటి కాదని. ఆ పెద్దామె ఆడది. మామ కాదు. ఇద్దరికీ అది తెలుసు. తెలియంది నాకే.

జనాభా లెక్కలకు మా గల్లీకి వచ్చింది ఒక సర్కారు బడి టీచరమ్మ. ఆదివారం కాబట్టి అందరం ఇంట్లోనే ఉన్నాం. ఆమె ముందు గదిలో కుర్చీలో కూర్చుని, పెద్ద కాగితం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కరి గురించి అడుగుతోంది. నాన్నది అయింది, అమ్మది అయింది, నాదైంది. మామ దగ్గరికి వచ్చేసరికి “మగ” అని తనే అనుకుంటూ పెన్ను దించబోయింది.

“ఒక్క నిమిషం మేడం. ఇంకోటి ఏమన్న ఉన్నదా గండ్ల?” అన్నారు మామ.

టీచరమ్మ తలెత్తింది. “ఉన్నది. మూడో నంబరు. ఇతరులు అని. నేను ఇప్పటిదాంక ఎవ్వరికి వెయ్యలె.”

“మగనే మేడం, రాసుకోండ్రి” అన్నారు నాన్న వెంటనే.

అమ్మ చాయ్ కప్పుల ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. “ఇతరులు ఏంది మేడం?” అంది. “మా ఇంట్ల ఇతరులు ఎవ్వరు లేరు. ఈడున్నోళ్లంత మావోళ్లే.”

నాన్న ముఖం తేటపడింది. అమ్మ తన వైపే ఉందనుకున్నారు. కానీ అమ్మ మాట ఇంకా అయిపోలేదు.

“గా మాట తీసేసి ఇంకేమన్న రాయొస్తదా?”

“మాట మార్చరాదమ్మా. నంబరు వేసుడే.”

అమ్మ ప్లేటు స్టూలు మీద పెట్టి మామ వైపు తిరిగింది. ఎనిమిది, తొమ్మిది నెలల తర్వాత సూటిగా కళ్లలోకి చూసింది అప్పుడే. “నీకు ఏది సరి అనిపిస్తె గది ఎయ్యమను” అంది. చివర ‘రా’ లేదు.

“మూడు ఎయ్యున్రి మేడం” అన్నారు మామ.

టీచరమ్మ వేసింది. ఒక్క అంకె. వేసి, మిగతా ప్రశ్నలు మామూలుగా అడుగుతూ పోయింది, ఏం చదివారు, ఏం పని చేస్తారు అని. నాన్న లేచి బయటికి వెళ్లి స్కూటర్ తుడవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడిచారు.

నేనేమో అమ్మంత ధైర్యం చూపించలేకపోయాను. ఇది రాయకుండా దాటేయొచ్చు. కానీ దాటేస్తే మిగిలినదంతా అబద్ధమైపోతుంది. ఇంటర్ అయిపోయాక వేసవిలో నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి చీర కొనడానికి మా దుకాణానికి వచ్చింది. అప్పటికి మామ జుట్టు భుజాల దాకా పెంచి ముడి వేసుకునేవారు, కళ్లకు సన్నగా కాటుక పెట్టుకునేవారు. ఆ అమ్మాయి మోచేత్తో నన్ను పొడిచి చెవిలో అడిగింది. “ఎవరే ఇతను? మీ ఇంట్లోవాళ్లా?”

“కాదే. పనిచేస్తడు” అన్నాను.

మామ మాకు రెండడుగుల దూరంలో చీరలు మడతపెడుతున్నారు. చేతులు ఒక్కక్షణం ఆగాయి. తర్వాత మా ఇద్దరి వైపూ తిరిగి, “చెప్పున్రి మేడం, ఏ రంగు చూపియ్యాలె?” అన్నారు. నన్ను కూడా మేడం అన్నారు. వెటకారం లేదు, కోపం లేదు. దుకాణంలో పనిచేసేవాళ్లు అన్నట్టే అన్నారు. ఆ రోజు ఇంటికి ఇద్దరం ఒకే ఆటోలో వచ్చాం. నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

ఆ ఏడాది వానలు తగ్గాక సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు, బడులు, ఆఫీసులు అన్నీ ఆగిపోయాయి. చౌరస్తాలో ఒకరోజు రోడ్డు మీదే వండుకుని తినే వంటావార్పు, ఒకరోజు ధర్నా. అంతలోనే బతుకమ్మ పండుగ కూడా వచ్చింది. మా ఇంట్లో ప్రతి ఏడూ బతుకమ్మ పేర్చేది మామే. ఆ ఏడు కూడా తుర్కయంజాల్ వైపు ఖాళీ స్థలాల నుంచి తంగేడు, గునుగు కోసుకొచ్చి, గునుగు చివర్లకు రంగులు అద్ది, నా నడుమెత్తు పేర్చారు. పేర్చడం వరకే మామది. ఎత్తుకుని పోయి ఆడేది ఆడవాళ్లం. మామ ఎప్పుడూ గేటు దగ్గరే ఆగిపోయేవారు.

ఆసారి బతుకమ్మను గుడి దగ్గర కాదు, చౌరస్తాలో నడిరోడ్డు మీద ఆడాలని అందరూ అనుకున్నారు. లారీలు ఆగి ఉన్న రోడ్డు మీద యాభై అరవై బతుకమ్మలు పెట్టారు. ఉద్యమం కాబట్టి మగవాళ్లు కూడా చెప్పులు విడిచి వరసలోకి వచ్చేశారు. వకీళ్లు, కండక్టర్లు, మా కాలేజీ లెక్చరర్లు, తప్పు తప్పుగా చప్పట్లు కొడుతూ, నవ్వుతూ తిరుగుతున్నారు. మామ తెల్ల కుర్తా మీద పోచంపల్లి కండువా వేసుకుని డివైడర్ పక్కన నిలబడ్డారు. అమ్మ ఆట ఆపి వరసలోంచి బయటికి వచ్చింది.

“ఈడ నిలబడ్డవేంది? పేర్చినోళ్లు ఆడకపోతె ఎట్ల? దా.”

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తనకూ నాకూ మధ్య నిలబెట్టింది. మామ వంగి కొట్టిన మొదటి చప్పట్లు నాకు వినిపించాయి. ఒక్క అడుగు తప్పలేదు. ఏళ్ల తరబడి గేటు దగ్గర నిలబడి చూసి చూసి నేర్చుకున్న అడుగులవి. నాకు అవతల పక్కన ఆ క్లాస్‌మేట్ అమ్మాయే ఆడుతోందని కొంచెంసేపటికి గమనించాను. పాట మధ్యలో ఆమె వైపు వంగి చెప్పాను. “గా రోజు అబద్ధం చెప్పిన. వీరు మా మామ. మా అమ్మ తోడబుట్టినోళ్లు.” ఆమె అర్థం కానట్టు చూసి, తర్వాత మామకు తల వంచి నమస్తే పెట్టింది. మామ నా వైపు చూడలేదు. కానీ తర్వాతి చుట్టులో నా జడలోంచి జారుతున్న బంతిపువ్వును తీసి మళ్లీ గట్టిగా పెట్టారు.

సమ్మె ముగిశాక దుకాణం తెరిచిన మొదటి రోజు ఒక గిరాకీ మామను, “జర కట్టి చూపియ్యున్రి” అని అడిగింది. మామ నాన్న వైపు చూశారు. నాన్న లెక్కల పుస్తకం నుంచి తల ఎత్తకుండానే అన్నారు, “చూపియ్యి, అడుగుతున్నరు కద.” మామ లేచారు.

అన్నీ చక్కబడిపోయాయని చెప్పలేను. ఊళ్లో పెళ్లిళ్లకు మామ పేరు లేకుండా శుభలేఖలు వచ్చేవి. అలాంటి వాటికి అమ్మ పోవడం మానేసింది. అమ్మ మానడం చూసి ఆ చుట్టాల్లో కొందరు దారికొచ్చారు, కొందరు రాలేదు. నాన్న చివరిదాకా ‘ఒచ్చిండు’ అనే అన్నారు. కానీ మామకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయి, చీటీలో మగ, ఆడ అని అడిగినచోట ఖాళీ వదిలేసి వచ్చేవారు. రాష్ట్రం వచ్చింది. పై పోర్షన్ ఆంటీ పోతుందనుకున్నాం, పోలేదు. మా చౌరస్తా మీద మెట్రో స్తంభాలు లేచాయి, దుకాణం ముందు ఎండ పడటం మానేసింది. నాన్న పోయాక దుకాణం ఇచ్చేశాం. పెళ్లికూతుళ్లకు చీరలు కట్టే పనిలో మామకు పేరొచ్చింది. తుర్కయంజాల్‌లో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు.

మొన్న అక్కడికి పోయినప్పుడు మామ ఇంట్లో హయత్‌నగర్ నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. తన బిడ్డ ‘నేను ఆడపిల్లను కాదు’ అని ఏదో చెప్తోందని, ఇంట్లో ఎవరికీ అర్థం కావడం లేదని, ఎవరో చెప్తే ఇక్కడికి వచ్చానని ఆపి ఆపి చెప్పింది. మామ నన్ను చాయ్ పెట్టమన్నారు. నేను వంటింట్లో ఉండిపోయాను. వాళ్ల మాటలు వినిపించకుండా కుళాయి తిప్పి గిన్నెలు కడిగాను. చాలాసేపటికి ఆమె లేచింది. ముఖం కడుక్కుని, “మా పిల్లను తోలుకొని మల్ల రావొచ్చా?” అని అడిగింది.

“ఆదివారం రాండ్రి. పొద్దుగాల ఖాళీగుంట” అన్నారు మామ. తర్వాత మెట్ల దాకా వెళ్లి, ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో ఆమెకు వివరంగా చెబుతూ నిలబడ్డారు.